ఇసుక కింద నిప్పులు

1994 జనవరి, శుక్రవారం

ఇక్కడ గల్ఫ్‌లో రిఫా ఊరు దాటాక ఎడారిలో డేరాలు వేసుకునేవాళ్లు కట్టే ఫీజును పెద్ద పార్కు ఆఫీసు, చిన్న పార్కు ఆఫీసు చెరిసగం పంచుకుంటాయి. ఊడ్చేది మాత్రం కూలికొచ్చిన మేము.

ఈరోజు ఎవరో బొగ్గుల మీద నీళ్లు పోయకుండా ఇసుక కప్పి వెళ్లిపోయారు. మా రూములో ఉండే లింగం వాటి మీద కాలేశాడు. రబ్బరు చెప్పు కరిగి అరికాలికి అంటుకుపోయింది.

బూట్లు అడిగితే ఈ ఆఫీసు ఆ ఆఫీసును అడగమంటుంది, అది దీన్ని అడగమంటుంది. సూపర్‌వైజర్ "ఖలాస్ భాయ్", ఇక అయిపోయింది పొమ్మని కారెక్కాడు. వాడి కాలర్ పట్టుకుందామనుకున్నాను. వీసా గుర్తొచ్చింది.

లింగం కాలు బకెట్లో పెట్టుకుని అన్నాడు: "పైసలు పంచుకున్నరు గదా అన్నా, ఈ కాలు గూడ చెరిసగం పంచుకొమ్మను."

రేపు లింగం కాలు కాలిన ఆ వరస డేరాల దగ్గర డ్యూటీ నాది. నావీ రబ్బరు చెప్పులే.