ఆఖరి స్టాపు తర్వాత మూడు కిలోమీటర్లు

ప్రియమైన నాన్నకి,

ఫోన్‌లో నన్ను మాట్లాడనివ్వవు, అందుకే ఉత్తరం. కరెంటు స్కూటర్లను రోడ్ల మీద నిషేధించాలని మీ బస్సు డ్రైవర్లు పెట్టిన అర్జీలో మొదటి పేరు నీదేనట! నిలబడి నడిపే ఆ చిన్న బండే నాకు దిక్కు, బస్సులో ఎక్కనివ్వరని ఇంటి నుంచే దాని మీద వెళ్తున్నాను. నీ బస్సు ఆఖరి స్టాపు నుంచి మా ఆసుపత్రి లాండ్రీకి మూడు కిలోమీటర్లు. నడిచి వెళ్లి మూడుసార్లు ఆలస్యమయ్యాను. ఇంకొక్కసారి అయితే ఇంటికి పొమ్మన్నారు. బండి వద్దంటే నా ఉద్యోగం వద్దన్నట్టే. ఆ అర్జీ మీద జరిగే విచారణకి వచ్చి నీ మొహం మీదే చెప్తాను.

నీ మొండిఘటం

అమ్మలూ,

ముప్పై ఏళ్లుగా స్టీరింగ్ పట్టినవాణ్ణి. ఆ బండ్లు ఎటునుంచి ఊడిపడతాయో దేవుడికే తెలియాలి. మొన్న ఒకడు నా ముందు చక్రం దగ్గరే పడ్డాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. వాడి చోట నువ్వుంటే? నా మాట మారదు. పెందలాడే లేచి నడువు, కాళ్లు అరిగిపోవులే.

మీ నాన్న

నాన్నా,

విచారణ కోసం మా ఆసుపత్రి ఆఫీసులో పాత కాగితాలు తిరగేశాను. పన్నెండేళ్ల కిందట బస్సు మా ఆసుపత్రి గేటు దాకా వచ్చేదట. "సందులో బస్సు తిరగడం లేదు" అని ఒక డ్రైవరు రాసిస్తే అక్కడికి పంపడం మానేశారు. ఆ చేతిరాత నాకు తెలియదా? బస్సూ నువ్వే ఆపించి, బండీ నువ్వే ఆపిస్తే మేం గాల్లో ఎగిరి రావాలా? ఎల్లుండి ఆ కాగితం అందరి ముందూ చదువుతాను. కోపమొస్తే రానీ.

నీ కూతురు

అమ్మలూ,

విచారణలో బాగా చదివావని మావాళ్లే చెప్పారు. నేను రాలేదు. ఆ పూట ఆఖరి స్టాపు నుంచి మీ గేటు దాకా నడిచాను. గంట పైనే పట్టింది. పాదానికి కట్టుతో ఓ పెద్దాయన నాతోపాటే కుంటుకుంటూ వచ్చాడు. రోజూ ఇంతేనా అంటే, "బస్సుంటే ఎక్కనా?" అన్నాడు. నాకు సిగ్గేసింది. సందులో బస్సు తిరగదన్నది నిజమే. మరి జనం ఎలా వెళ్తారని ఒక్కరోజూ అనుకోలేదు, తప్పు నాదే.

అర్జీలో నా పేరు కొట్టేయించాను. మావాళ్లు తిట్టుకుంటున్నారు. పైగా బస్సులో స్కూటర్లు ఎక్కించకూడదని రూలుంది కదా, ఇవాళ ఏడు బండ్లని మడతపెట్టించి వెనకసీటు దగ్గర పెట్టించాను. తనిఖీ అధికారి దింపమన్నాడు. "ముందు నన్ను దింపండి" అన్నాను. డిపోలో సంజాయిషీ అడిగారు. "రేపూ ఎక్కిస్తాను" అని రాసిచ్చాను. ఏం చేసుకుంటారో చేసుకోనీ.

హెల్మెట్ లేకుండా వచ్చావో, కూతురివని కూడా చూడను, బస్సెక్కనివ్వను.

మీ నాన్న