రోజా వదిలేసిన పాలు

విశాఖపట్నం, మంగళవారం

బాబూ పెదబాబూ,

నేనిక్కడ కులాసా. ఫోన్లో సగం మాటకే పెట్టేస్తావు, అందుకే కార్డు రాస్తన్నాను. నీసు మానేసిన మనిషి పట్నంలో ఏటి తింటాదని బెంగెట్టుకోకు. నీ కూతురు ఝాన్సీ నన్ను రోజూ ఓ శాకాహారం మెస్సుకి తీసుకెళ్తంది. ఎనభై రూపాయలకే కడుపునిండా వడ్డిస్తన్నారు. ఆనపకాయ పులుసైతే మనింట్లో లాగే ఉంది.

నిన్న దాని స్నేహితురాలు రోజా కూడా వచ్చింది. ఆ గుంట నెయ్యీ పెరుగూ ఏదీ వేయించుకోలేదు. నేను కాశీలో వంకాయ వదిలినట్టు ఇదీ వదిలేసిందనుకుని, "ఇంత సిన్నప్పుడే కాశీ ఎళ్ళొచ్చేవేటే?" అని అడిగేను. పక్క బల్లవాళ్ళు కూడా నవ్వేరు.

"కాశీ కాదు మామ్మా, దూడ తాగాల్సిన పాలు నేను తాగడానికి మనసొప్పదు" అంది. నేనప్పటికే రెండు గ్లాసుల మజ్జిగ తాగేసేను.

సోడవరం ఎళ్ళినప్పుడు తవుడు తే. సెరుకుతోటకి నీళ్ళెట్టేవా? కోడలు నడుంనొప్పి తగ్గిందా? అందరికీ నా దీవెనలు.

కార్డు అంచున ఇంకో మాట. ఎర్రావుకి పాలు పితికినప్పుడు నేను దూడకి ఒక రొమ్మే వదిలేదాన్ని. నువ్వు రేపట్నించి రెండొదులు.

మీ అమ్మ
అచ్చియ్యమ్మ