రాడార్‌కు, డబ్బకు కుదరని వాన

శ్రావణం, బేస్తారం.

బోధన్ల రాడార్‌తోని వాన కొలిచే ఇంజినీరు పొద్దుగాల మొకం ఏలాడేసుకొని మా ఇంటికొచ్చిండు. రాత్రి వాన జోరుగ కొట్టిందని రాడార్ చెప్పిందట. మా పెరట్ల ఆయన పెట్టిన వాన కొలత డబ్బల మాత్రం అడుగున గిన్ని నీళ్లే. రెండు లెక్కలు కలిస్తెనే, ఉపగ్రహం నుంచొచ్చే సిగ్నళ్లను వాన ఎంత ఆపుతదో తేల్తదట.

"రాడార్ తప్పంటే నా కొలువు పోతది తాతా" అన్నడు.

"వాన నీ మిషన్ లోపల్నే కురిసిందేమో, తుడ్సి సూడు" అన్న. పైకి నవ్విన గని, రోజూ మా ఇంట్ల బువ్వ తినే పోరడాయె, లోపల గుబులే.

గప్పుడు మా ముసల్ది అన్నది: "వాన పెద్దగైనంక సర్కారు డబ్బ తడుస్తదని నేనే గంగాళం బోర్లిచ్చిన. పొద్దుగాల తీసిన."

పోరడు ఎగిరి ఆమె కాళ్లు మొక్కిండు, ఇగ ఎంత వానొచ్చినా డబ్బను మూయొద్దన్నడు. నా పానం కుదుటవడ్డది. ముసల్దే నారాజ్.

"ఇగ నేను ముట్ట. తుప్పువడితే నన్ను అనొద్దు బిడ్డా."