ముసలి గుర్రం సినిమాలో మిగతా సగం

జూన్ 4

ఇంకో సినిమా సగంలో వదిలేశాను. బోలెడు అవార్డులొచ్చిన సినిమా. మా హాస్పిటల్ ఫిజియోథెరపిస్ట్ ఇచ్చాడు, పెన్‌డ్రైవ్‌లో వేసి మరీ. ఇది నచ్చకపోతే నా పేరు మార్చుకుంటాను అన్నాడు. ఒకాయన స్టేషన్‌లో కూర్చుని రైలు కోసం చూస్తుంటాడు. పాపం ఆయనకు తోడుగా నేనూ చూశాను. రైలు రాలేదు. నాకు ఆవలింతలొచ్చాయి. ఎనిమిదింపావుకి ఆపేశాను.

జూన్ 7

లంచ్ రూమ్‌లో దొరికిపోయాను. సినిమా ఎలా ఉందన్నాడు ఫిజియో. బ్రహ్మాండం అన్నాను. క్లైమాక్స్ ఎలా ఉందన్నాడు. రైలొచ్చింది కదా, హాయిగా ఉంది అన్నాను. అదోలా చూశాడు.

జూన్ 8

ఇంకోటి. ఇదీ ఎనిమిదింపావుకే.

జూన్ 12, సాయంత్రం

తప్పు సినిమాలది కాదు. ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధమెందుకు.

ఐసీయూలో నైట్ డ్యూటీ చేసేవాడిని. మగ నర్సుని కాబట్టి అందరికీ బ్రదర్‌ని, నా తండ్రి వయసున్న డాక్టర్లకు కూడా. సాయంత్రం తొందరగా తినేసి నేనూ మా ఆవిడా సినిమా పెట్టుకునేవాళ్లం. ఎనిమిదింపావుకి నేను బూట్లు వేసుకునేవాడిని. మిగతాది నువ్వు చూసి చెప్పు అనేసి వెళ్లిపోయేవాడిని. పొద్దున్నే వచ్చి సాక్స్ విప్పుతుంటే తను కాఫీ చేతికిచ్చి మిగతా కథ చెప్పేది. మా కాపురమంతా అదే పద్ధతి. ప్రతి సినిమా సగం చూశాను, సగం విన్నాను. విన్న సగమే బాగుండేది.

చివర్లో ఎవరైనా పోయారా అని అడిగేవాడిని. ఎవరూ పోలేదు, పడుకోండి అనేది. ఆ మాట వింటే నిద్ర పట్టేసేది.

పోయిన ఏడాది తనే పోయింది. మా వార్డులోనే. ఆ తర్వాత నైట్ డ్యూటీ నావల్ల కాదన్నాను. ఇప్పుడు పగలు ఓపీలో బీపీలు చూస్తున్నాను. సాయంత్రాలన్నీ నావే. సినిమా మొత్తం చూడొచ్చు, అడిగేవాళ్లు లేరు. కానీ ఎనిమిదింపావు అయ్యేసరికి చెయ్యి దానంతటదే రిమోట్ మీదికి పోతుంది. ఆపాక ఏం చెయ్యాలో తోచదు. ఒక్కోసారి బూట్లు కూడా వేసుకుంటాను. ఎక్కడికీ వెళ్లను. కాసేపు కూర్చుని విప్పేస్తాను.

ఒంటరిగా ఉంది. ఇంతకన్నా బాగా రాయడం నాకు రాదు.

జూన్ 15

ఈరోజు పూర్తిగా పరువు పోయింది. లంచ్‌లో ఫిజియో ముసలి గుర్రం సినిమా సంగతి ఎత్తాడు. ఒక రైతు తన ముసలి గుర్రాన్ని అమ్మడానికి సంతకు నడిపించుకు పోతాడు. అది నాకు తెలుసు అని హుషారుగా అందుకున్నాను. ఎవరూ కొనరు, తిరిగొస్తూ దారిలో ఆయన ఓ కునుకు తీస్తాడు, లేచేసరికి గుర్రం ఉండదు, ఏడ్చుకుంటూ ఇంటికి పోతే అది ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంటుంది అని చెప్పాను. చేతులు తిప్పుతూ మరీ చెప్పాను, తను చెప్పినట్టే.

ఫిజియోకి పొలమారింది. ఏ సినిమా చూశారు బ్రదర్, దాన్ని కబేళా వాళ్లకు అమ్మేస్తాడు కదా అన్నాడు. ఫార్మసీ అమ్మాయి కూడా అవునంది, అది చూసి రెండ్రోజులు అన్నం తినలేదట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూన్ 16

మొదటిసారి ఎనిమిదింపావు దాటి చూశాను. కబేళాకే అమ్మేశాడు. లారీ తలుపు మూశారు. అయిపోయింది.

జూన్ 17

ఇంకొకటి వెతికి పెట్టాను. ఓడలో జ్వరంతో పడి ఉన్న పిల్ల కథ. తను చెప్పిన దాంట్లో ఓడలో వంటవాడు పూటపూటా గంజి తాగించి ఆ పిల్లను బతికిస్తాడు. అసలు దాంట్లో ఆ పిల్ల ఓడ దిగనే దిగదు. వంటవాడు ఉన్నాడు గానీ వాడికి పెద్ద పనేమీ లేదు.

కోపమొచ్చింది. ఇన్నేళ్లూ నా చెవిలో పువ్వులు పెట్టిందన్నమాట. నిలదీసి అడుగుదామంటే మనిషి లేదు. పోట్లాట కూడా నేనొక్కడినే పోట్లాడుకోవాలి.

జూన్ 19

ఉండబట్టలేక వదినకు ఫోన్ చేశాను. వదిన అంటే తన అక్క. మీ చెల్లెలు నాకు అన్నీ కల్పించి చెప్పేదా అన్నాను. అవునంది వదిన. ఎందుకో కూడా చెప్పింది. రాత్రంతా చావులే చూసొచ్చే మనిషికి ఇంట్లో కూడా అవేనా అక్కా అనేదట.

కోపం ఎటు పోయిందో పోయింది. అయితే అసలు కథ చూసి తనొక్కతే ఏడ్చి, నాకు మాత్రం వేరేది అల్లి చెప్పేదన్నమాట అన్నాను.

అది చూస్తే కదా మరిదిగారూ అంది వదిన.

నేను గడప దాటగానే టీవీ కట్టేసేదట. కట్టేసి అక్కకు ఫోన్ చేసేదట. ఒక్కదాన్నే చూడబుద్ధి కావట్లేదక్కా అనేదట, దాదాపు రోజూ. పొద్దున పాలు కాగేలోపు ఏదో ఒకటి అల్లుకునేదట.

ఫోన్ పెట్టేశాను. అక్కడ నాకు పదిమంది ఉండేవాళ్లు. సిస్టర్లు, డాక్టర్లు, టీ తెచ్చేవాడు. ఇక్కడ తను, కట్టేసిన టీవీ. ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. గుర్రం ఇంటికొచ్చిందా అని అడిగాను గానీ, నీకెలా గడిచిందని ఒక్కసారైనా అడగలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

జూన్ 20

ఏమీ చూడలేదు.

జూన్ 23

ఫిజియో కొత్తది ఇచ్చాడు. హాస్పిటల్లో చేరిన ఒకావిడ కథ. అవార్డులన్నీ ఆఖరి పది నిమిషాలకే వచ్చాయట. చివరి దాకా చూస్తానని ఒట్టేయించుకున్నాడు.

జూన్ 24, పొద్దున్నే

ఎనిమిదింపావుకి ఆపేశాను. అప్పటికి ఆవిడ ఇంకా కళ్లు తెరిచే ఉంది.

పొద్దున పాలు పెట్టాను. కాగేలోపు మిగతాది వచ్చేసింది. తెల్లారేసరికి ఆవిడకు జ్వరం తగ్గిందిట. ఆకలేస్తోందని అడిగి మరీ తిన్నదిట. ఎవరూ పోలేదట. మొగుడు డ్యూటీ దిగి ఇంటికెళ్తే, ఆవిడ ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉందిట.