తాత సిలువకు వెదురు చీల

బోధన్,
14-3-1994

తమ్ముడు జీవరత్నానికి అక్క ప్రమీల దీవెనలు.

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నాందేడ్‌లో నువ్వు, మరదలు, పిల్లలు చల్లగా ఉండాలని రోజూ ప్రార్థిస్తున్నాను. నీ మోకాలికి నూనె కాచి ఉంచాను. చెరకు బండ్లు ఇంకా ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరే ఉన్నాయి.

తాత సిలువ ఎట్లా ఉందని అడిగావు. ఇనుప గానుగలు వచ్చాక మూలపడ్డ చెరకు గానుగ దుంగతో తాత దాన్ని చెక్కాడని అమ్మ చెప్పేది కదా. మట్టల ఆదివారం వస్తోందని మొన్న దించి కుసుమ నూనె రాస్తుంటే, బాపు చుట్టిన రాగి తీగ తెగి, ప్రభువు కుడి చెయ్యి నా ఒళ్లో పడింది. గుడ్డలో చుట్టుకుని కంఠేశ్వర్‌లో గుడి రథాలు బాగుచేసే వడ్ల లింబాద్రి దగ్గరికి పోయాను.

ముసలాయన భుజం గుంటలోకి చూసి నవ్వాడు.

“ఇది ఇరగలే చెల్లె, ఊడింది. కర్ర నార నిలువుగుంటది. సాపిన చెయ్యి అండ్లనే చెక్కితే పుటుక్కుమంటది. అందుకే మీ తాత చెయ్యి అలగ్ జేసి, వెదురు చీలతోని కూసోవెట్టిండు. చీల అరిగింది, గంతే. మంచి పనిమంతుడు!”

తర్వాత గుంటలోంచి తెల్లటి పెచ్చు గీకాడు. “గిదేంది, బెల్లం సున్నమా? దేవునికి చెయ్యి అతికిచ్చిన్రా, గోడ కట్టిన్రా?”

నాకు నవ్వు రాలేదు తమ్ముడూ. ఆ బెల్లం సున్నం నాది.

నాకప్పుడు పన్నెండేళ్లు. నూనె రాస్తూ గుంజితే చెయ్యి వచ్చేసింది. మేస్త్రీలు చేసినట్టే అతికించాను. మూడో రోజు ప్రార్థనలో చీమల బారు కనిపించి బాపు ముట్టుకోగానే రాలిపడింది. ఆ రోజు తాత ఉలి నీ చేతిలో ఉంది. బాపు నిన్నే కొట్టాడు. ఉలుల పెట్టె అటకెక్కించి, మళ్లీ నిన్ను ముట్టనియ్యలేదు. నా గోళ్లలో అప్పటికింకా బెల్లం ఉంది. అయినా నోరు తెరవలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ మాట ప్రభువుకే చెప్పుకున్నాను, నీకు చెప్పలేదు.

లింబాద్రి చీల తానే వేస్తానన్నాడు. “వద్దన్నా, మా తమ్ముడు చెక్కుతడు” అన్నాను.

“వాని చెయ్యి తిరుగుతదా?”

“తాత చెయ్యే వానిది.”

పెట్టె దించి ఉలుల తుప్పు తుడిచాను. లింబాద్రి ఇచ్చిన వెదురు ముక్క పక్కనే పెట్టాను. శుభశుక్రవారం లోపల రా. ముందు నన్ను తిట్టు, తర్వాత చీల చెక్కు. అంతదాకా సిలువను గోడకు ఎక్కించను.

ఇట్లు,
నా వంతు దెబ్బలు నీకు మిగిల్చిన అక్క,
ప్రమీల