ముందు మనసులో చదవండి

చోడవరం సబ్ జైలు,
8-2-1994

పోస్టుమేన్ గారికి దండాలు. ఈ కార్డు నా భార్య సన్నాసమ్మకి చదివి వినిపించేది మీరే కనుక, ముందు మనసులో చదువుకోండి. మా అమ్మ దగ్గర లేనప్పుడు వినిపించండి.

సన్నాసమ్మా, నేను కులాసా. కొండ మీద కట్టెలు కొట్టిన కేసు నిన్న తేలిపోయింది. జరిమానా ఐదు వందలు, కట్టకపోతే ఇరవై రోజులు జైలు అన్నారు. ఎనిమిది వాయిదాలకి వకీలు ఫీజులు, బస్సు చార్జీలు పోగా మన దగ్గర ఏం మిగిలింది? "కట్టీసి ఇంటికెలిపోరాదేటి?" అన్నాడు వకీలు గుమస్తా. "సూడి పెయ్యనమ్మితే గానీ కట్టలేను బాబూ, లోపలే కూకుంటాను" అన్నాను.

నువ్వు పెయ్యని అమ్మకు. అది ఈనే వేళకి వచ్చేస్తాను. ఇక్కడ రెండు పూటలా అన్నం పెడుతున్నారు. చంటిదానికి దగ్గు తగ్గిందా? పాక మీద తాటాకు కప్పించావా?

పోస్టుమేన్ గారూ, అమ్మకి మాత్రం "గోవాడలో సెరుకు పని దొరికింది, నెలాఖరుకొచ్చేస్తాడు" అని చదవండి. ఆమె కార్డు చూపించమంటుంది. అక్షరాలు రావు గానీ ఈ జైలు ముద్ర ఆమెకి తెలుసు. మా నాన్న రాసిన కార్డుల మీద కూడా ఇదే ఉండేది. దాని మీద మీ బొటనవేలు పెట్టి చూపించండి.

పైడినాయుడు