వాగులో రాయిపిల్ల లేదన్న నివేదిక

చేపల శాఖ అధికారి గారికి, వాగు గట్టున కుట్టుపని చేసుకొని బ్రతుకుచున్న ఒకామె విన్నపం.

అయ్యా,

విషయం: మా ఇంటి వెనుక వాగులో రాయిపిల్ల చేప లేదని తమరు ఇచ్చిన నివేదిక రద్దు చేయుట, రేపు ఉదయం రాళ్లు ఎత్తకుండా ఆపుట గురించి.

1. సదరు చేప వేలెడు పొడవు, రాతి రంగు. మిగతా చేపల మాదిరి దీని కడుపులో గాలితిత్తి లేదు గనుక నీటిలో తేలలేదు. లోతు తక్కువైన చల్లని పరుగునీటి అడుగున, రాయి నుండి రాయికి గెంతుతూ బ్రతుకును. మడుగులోకి చచ్చినా పోదు.

2. అట్టి చేప కోసం తమ సిబ్బంది మడుగులోనే వల వేసిరి. నేను గట్టు మీద నుండి "ఏమయ్యా, అది అక్కడుండదు, రాళ్ల కింద చూడండి" అని అరవగా, వల పట్టినాయన "సారే ఇక్కడ వెయ్యమన్నారమ్మా" అని సెలవిచ్చెను. సూది ఇంట్లో పడితే వీధిలో వెతికినట్లున్నది. వల ఖాళీగా వచ్చినది, తమరు సంతకం చేసితిరి, చేప లేదు గనుక రాళ్లన్నీ గోడ కట్టుటకు ఎత్తుకొమ్మని కంట్రాక్టరుకు అనుమతి వచ్చినది.

3. తెలియక జరిగిన పొరపాటని సరిపెట్టుకొందునా అంటే, తమరికి తెలియదని నేనెట్లు నమ్ముదును? ఆడచేప రాయి అడుగున గుడ్లు అంటించి పోవును. మగచేప తిండి మాని, రెక్కలతో గుడ్లకు నీళ్లు విసురుతూ, పిల్లలు వచ్చేదాకా కాపలా కాయును. ఇది నాకు చూపించినదే తమరు. నిక్కరు తడుపుకొని, రాయి కింద చెయ్యి పెట్టి, "అక్కా, పొడిచినా ఇది పారిపోవట్లేదు చూడు!" అని కేక పెట్టినది తమరు కాదా? ఆ రాయిని ఎవర్నీ కదపనివ్వనని నా చేతిలో చెయ్యి వేసినది తమరు కాదా?

4. నాకు కడుపు మండుచున్నది. ఇది ఏ అంశం కింద వ్రాయవలెనో తెలియక ఇక్కడ వ్రాసితిని.

కావున తమరు స్వయముగా వచ్చి, పరుగునీటిలో చూచి, నివేదిక మార్చవలెను. అక్క గోడుగా కాకున్నా, ఎవరో పరాయిదాని గోడుగానైనా చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(ఈ కాగితం వరకే)

తా.క. ఒరేయ్ తమ్ముడూ, ఫోన్ ఎత్తవు. ఇంటికొస్తే మరదలు "ఆయన క్యాంపుకెళ్లారు వదినా" అంటుంది, నీ చెప్పులేమో గుమ్మంలోనే ఉన్నాయి. అందుకే ఈ అర్జీ. రేపు లారీ వచ్చేసరికి నేను మన రాయి మీద కూర్చుని ఉంటాను. నన్ను లేపడానికి వల పట్టినాయన్ని పంపకు, నువ్వే రా. వాగులో దిగేటప్పుడు మాత్రం చెప్పులు విప్పి, మెల్లగా అడుగెయ్యి. గుడ్లు పెట్టే కాలం. కింద వాడు కాపలా ఉన్నాడు.